ఓడ ఛార్జీ ఎవరు కట్టారు?

"ఇంగ్లీషువాళ్ళు మొదట్లో అంత సముద్రం దాటి అమెరికా ఎందుకు వెళ్ళారు? మతస్వేచ్ఛ కోసమేనా?" అని అడిగారు. మతం కోసం వెళ్ళినవాళ్ళు ఉన్నారు, కానీ లెక్కలో వాళ్ళు చాలా తక్కువ. 17వ శతాబ్దం మొత్తంలో, మతం కోసం వెళ్ళినవాళ్ళు ఎక్కువగా చేరిన ఈశాన్య తీరానికి, అంటే న్యూ ఇంగ్లండ్‌కి వెళ్ళినవాళ్ళు ఇరవై వేల పైచిలుకు. వర్జీనియా, మేరీలాండ్‌లకు వెళ్ళినవాళ్ళు లక్ష దాటారు. కరీబియన్ దీవులకు అంతకంటే ఎక్కువమంది పోయారు. పోటీ పరీక్షల గైడ్లలో మాత్రం ఒకటే బిట్టు: మేఫ్లవర్ ఓడ, 1620, మతస్వేచ్ఛ. అప్పటికి వర్జీనియాలో జేమ్స్‌టౌన్ అనే ఇంగ్లీషు ఊరు పెట్టి పదమూడేళ్ళయిన సంగతి ఆ గైడు రాసినాయనకి పట్టదు.

నన్నడిగితే, ఎందుకు వెళ్ళారన్నది తేలాలంటే ముందు వాళ్ళ ఓడ ఛార్జీ ఎవరు కట్టారో చూడాలి.

వర్జీనియాకి ఛార్జీ సుమారు 6 పౌన్లు. దక్షిణ ఇంగ్లండులో మామూలు కూలివాడికి అప్పట్లో రోజుకి 8 పెన్నీలు ముట్టేవి. పౌనుకి 240 పెన్నీలు కాబట్టి, తిండీ బట్టా మానేసి మొత్తం దాచినా 180 రోజుల కూలి. దాచడం సాధ్యమయ్యే పని కాదు. 1520ల్లో పాతిక లక్షలు కూడా లేని ఇంగ్లండు జనాభా 1600 నాటికి 40 లక్షలైంది. ధరలు పెరిగినంతగా కూలి పెరగలేదు. ఊరుమ్మడి భూములకు కంచెలు వేసి గొర్రెలు తోలుకున్నారు. ఆస్తి ఉన్న ఇళ్ళలో భూమంతా పెద్దకొడుక్కే, చిన్నవాళ్ళు వేరే దారి చూసుకోవాల్సిందే. పని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగితే 1597 చట్టం ప్రకారం దేశదిమ్మరి కింద కొరడా దెబ్బలు.

అందుకని వర్జీనియా వెళ్ళినవాళ్ళలో నలుగురికి ముగ్గురు ఛార్జీకి బదులు తమ ఏళ్ళు రాసిచ్చారు. ఇండెంచర్ అనే కాగితం ఇదే. ఒకే కాగితం మీద ఒప్పందం రెండుసార్లు రాసి, మధ్యలో పళ్ళు పళ్ళుగా కోసేవాళ్ళు. తగాదా వస్తే రెండు ముక్కలూ అతికించి చూస్తే నిజమైనదో కాదో తేలిపోతుంది. మామూలుగా 4 నుంచి 7 ఏళ్ళు జీతం లేని చాకిరి, యజమాని పెట్టే తిండి, బట్ట, చోటు. గడువు తీరాక కొంత మొక్కజొన్న, బట్టలు, పనిముట్లు ఇచ్చి పంపాలి. మధ్యలో పారిపోయి దొరికితే, పోయినన్ని రోజులకు రెట్టింపు చాకిరి చెయ్యాలని 1643లో చట్టం తెచ్చారు. ఓడ రేవు చేరాక కెప్టెను ఆ కాగితాన్ని అక్కడి పొగాకు రైతుకి అమ్మేసేవాడు. అంటే మనిషి గడువు చేతులు మారేది.

రైతు ఎందుకు కొన్నాడంటే, 1618లో వర్జీనియా కంపెనీ (ఆ వలసని నడిపిన లండన్ వాటాదారుల సంస్థ) పెట్టిన తలభూమి పద్ధతి వల్ల. ఎవరి ఖర్చు మీద మనిషి వస్తే వాళ్ళకి తలకు 50 ఎకరాలు. ఆరు పౌన్లకి కొన్నేళ్ళ కూలీ ఒకడు, దాని పైన 50 ఎకరాలు! ఇంతకంటే లాభసాటి బేరం ఏముంటుంది? 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన వాళ్ళు, వాళ్ళలోని మన తెలుగువాళ్ళూ, ఒప్పుకున్న గిరిమిట్ (అగ్రిమెంట్) కాగితానికి తాత ఇదే.

ఇక అక్కడికి వెళ్ళాక ఏమైంది? జేమ్స్‌టౌన్ మొదటి వేసవి కథ తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. 1606 డిసెంబరు 20న మూడు ఓడలు లండన్ వదిలాయి. ఎదురుగాలి వల్ల ఇంగ్లండు తీరంలోనే ఆరు వారాలు ఆగిపోయి, తెచ్చుకున్న తిండి అక్కడే తినడం మొదలుపెట్టారు. 1607 మే నెలలో నూట నాలుగు మంది మగవాళ్ళూ కుర్రాళ్ళూ దిగారు. పల్లంగా, చెమ్మగా ఉండే చోట ఊరు కట్టొద్దని కంపెనీ రాతపూర్వకంగా చెప్పింది. వీళ్ళు సరిగ్గా చిత్తడినేల పక్కనే కట్టారు. కారణం ఏమిటంటే ఒడ్డునే 36 అడుగుల లోతు ఉంది, ఓడని చెట్టుకే కట్టెయ్యొచ్చు. పైగా నది లోపలికి ఉంది కాబట్టి స్పెయిన్ ఓడలకి సులువుగా చిక్కదు. ఓడకి మంచి చోటే, కానీ మనిషికి కాదు.

మే నెలలో నది నిండుగా ఉంటుంది, నీళ్ళు తియ్యగానే ఉంటాయి. ఎండలు ముదిరి పైనుంచి ప్రవాహం తగ్గగానే సముద్రపు పోటు ఉప్పునీటిని అక్కడిదాకా తోస్తుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటి: ఊళ్ళో మురికి నదిలో కలిస్తే కిందికి కొట్టుకుపోదు, పోటుకి పైకి, పాటుకి కిందికి అక్కడక్కడే తిరుగుతుంది. ఆ నీళ్ళే తాగారు. బావి తవ్వడానికి రెండేళ్ళు పట్టింది. జులై దాటేసరికి జిగట విరేచనాలు, టైఫాయిడ్ లాంటి జ్వరాలు, ఒళ్ళు వాపులు. మనిషికి రోజుకి అర పింటు (సుమారు పావు లీటరు) గోధుమ, అర పింటు బార్లీ ఉడకబెట్టి పోసేవాళ్ళు. అవీ నెలల తరబడి ఓడ అడుగున మగ్గి పురుగు పట్టినవే. ఆగస్టులో రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. ఏడాది తిరక్కముందే 38 మంది మిగిలారు.

పైన కరువు ఒకటి. అక్కడి చెట్ల వలయాలు లెక్కపెట్టి చూస్తే 1606 నుంచి 1612 దాకా ఉన్న ఏడేళ్ళూ ఏడు వందల ఏళ్ళలోకెల్లా ఘోరమైన అనావృష్టి. అక్కడి మూలవాసులైన పొవాటన్ ప్రజల దగ్గర మొక్కజొన్న కొందామన్నా వాళ్ళకే లేదు. ఆలోగా ఓడల్లో కొత్తవాళ్ళు వచ్చి చేరారు, కానీ 1609-10 చలికాలానికి సుమారు మూడు వందల మందిలో అరవై మంది బతికారు. 2012లో తవ్వకాల్లో దొరికిన పద్నాలుగేళ్ళ పిల్ల పుర్రె మీద కత్తి గాట్లున్నాయి. చనిపోయాక కోసుకు తిన్నారన్నమాట.

"సోమరులు, పంట వేసుకోలేదు" అని తిట్టేవాళ్ళున్నారు. వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది చేత్తో పని చెయ్యని పెద్దింటి మనుషులు, నిజమే. కానీ పండించిందంతా కంపెనీ ఉమ్మడి కొట్టుకే పోతుంటే ఎవడు ఒళ్ళు వంచుతాడు? 1614 ప్రాంతంలో థామస్ డేల్ అనే అధికారి తలా 3 ఎకరాలు సొంతానికి ఇచ్చేసరికి అదే మనుషులు పండించారు. జాన్ రాల్ఫ్ అనే వలసదారు వేసిన పొగాకు అచ్చొచ్చిందీ ఆ రోజుల్లోనే.

ఈ వర్జీనియా కంపెనీని లండన్‌లో నడిపిన సర్ థామస్ స్మిత్ ఈస్టిండియా కంపెనీకి కూడా గవర్నరే. 1611లో మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టిన కంపెనీ అది. అక్కడ బట్టల వ్యాపారం, ఇక్కడ భూమి. వాటాదారులు చూసేది రెండుచోట్లా లాభమే.

మరి మేఫ్లవర్ వాళ్ళ మాటేమిటి? ఉన్న 102 మందిలో సగానికి పైగా, ఇంగ్లండు చర్చి నుంచి విడిపోయిన మతబృందం వాళ్ళే కాదు. బృందం వాళ్ళు కూడా అప్పటికి పదేళ్ళకు పైగా హాలండ్‌లోని లైడెన్‌లో ఉన్నారు, అక్కడ వాళ్ళ ప్రార్థనకి అడ్డు చెప్పినవాడు లేడు. మగ్గాల దగ్గర గొడ్డుచాకిరి, పిల్లలు డచ్చివాళ్ళైపోతున్నారన్న దిగులు, స్పెయిన్‌తో హాలండ్ సంధి 1621లో ముగుస్తుందన్న భయం వాళ్ళని కదిలించాయి. ఛార్జీ పెట్టింది లండన్ వర్తకులు, ఏడేళ్ళ ఉమ్మడి ఒప్పందం మీద. ఆ అప్పు 1648 దాకా తీరలేదు.

మతం అసలు కారణమైనవాళ్ళు 1630లో విన్‌త్రాప్ అనే నాయకుడి వెంట న్యూ ఇంగ్లండ్‌లోని మసాచుసెట్స్ వెళ్ళిన ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండు చర్చిని ఇంకా సంస్కరించాలన్నవాళ్ళు. వాళ్ళలో చాలామంది కుటుంబాలతో, సొంత డబ్బుతో వెళ్ళారు. 1640లో ఇంగ్లండులో రాజుకి ఎదురుగాలి తగలగానే ఆ వలస ఇంచుమించు ఆగిపోయింది, కొందరు తిరిగి వచ్చేశారు కూడా. ఇది ఒప్పుకుంటాను.

కానీ ఛార్జీ లెక్కలో ఇంకొక రకం ఉన్నారు. 1618-19లో లండన్ నగరపాలకులు వీధిపిల్లల్ని వందమందిని పోగుచేసి వర్జీనియా పంపారు. మరో వందకి సిద్ధపడితే కొందరు పిల్లలు వెళ్ళమని మొండికేశారు. ఇష్టం లేకపోయినా పంపొచ్చని 1620 జనవరిలో రాజుగారి సలహామండలి అయిన ప్రీవీ కౌన్సిల్ ఆజ్ఞ ఇచ్చింది. ఈ పిల్లల ఖర్చు తలకి ఓడకి 3 పౌన్లు, బట్టలకి 2 పౌన్లు. కట్టింది లండన్ పౌరులు.