ఒంటిమిట్టకు బయల్దేరే ముందు

సుజాతకు పెద్దమ్మ దీవించి రాసేది.

ఆటిజం ఉన్న పిల్లోన్ని ఒంటిమిట్ట రాములోరి కల్యాణానికి తీసుకుపోతున్నావని మీయమ్మ చెప్పింది. ధైర్యం చేసినావే అని సంతోషపడినా. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. వానికి పదిహేనేండ్లు, మీసం వస్తాంది, నిన్ను మించి పెరిగినాడు. చిన్నప్పుడు రోడ్డు మీద పడి దొర్లితే జనం అయ్యో పాపం అన్నారు. ఇప్పుడైతే తాగినాడంటారు. నా భయమంతా ఆ జనంతోనూ, లాఠీ పట్టుకున్నోళ్లతోనూ. వాని యూడీఐడీ కార్డు, అదే సర్కారు ఇచ్చిన వికలాంగుల గుర్తింపు కార్డు, బ్యాగులో అడుగున పెట్టకు, మెడలో వేసుకో. 2016 వికలాంగుల చట్టంలో ఆటిజం కూడా ఉంది, గట్టిగా చెప్పు.

హెడ్‌ఫోన్లు, నీళ్లు, మార్చుకునే బట్టలు నువ్వెట్లాగూ సర్దుకుంటావు.

ప్రొద్దుటూరు పెండ్లి సంగతి మాత్రం ఈరోజు అడిగే తీరతా. బ్యాండు మొదలైనప్పటి నుంచీ వాడు మునివేళ్ల మీద తిరుగుతానే ఉన్నాడు. "ఇంటికి బస్సు, ఇంటికి బస్సు" అంటానే ఉన్నాడు. నువ్వేం చేసినావు? "ఒక్క ఫోటో నాన్నా, లడ్డు ఇస్తా" అని బేరం పెట్టినావు. లడ్డు కోసం చేసే మారామైతే లడ్డుతో ఆగుతుంది, గోల తట్టుకోలేక అదుపు తప్పే మెల్ట్‌డౌన్ ఆగుతుందా? వాడు కింద పడి తల కొట్టుకుంటాంటే "ఏమైంది, చెప్పు, ఏమైంది" అని మీద పడినావు. ఆ గోలలో నీ మాటొక గోల. మీ బావ వచ్చి రెండు చేతులూ అదిమి పట్టినాడు. కొరకడా మరి? చుట్టూ మూగినోళ్లలో ఒకామె గాలి సోకిందని వేపమండ తెమ్మనింది. నువ్వు ఏడుస్తా ఆమెకు సమాధానం చెప్తాంటివి, వాని తల కింద చెయ్యి పెట్టేవాళ్లు లేరు.

నీ మీద కోపం కాదు తల్లీ. అంతమందిలో నువ్వు ఒంటరిదానివైపోయినావు, నాకు తెలుసు.

ఈసారి అల్లునికి పని అప్పజెప్పు: జనాన్ని దూరం జరపడం, వీడియో తీసేవాని ఫోన్ దించమనడం. నువ్వు వాని పక్కన కూర్చో, తల కింద తువ్వాలు పెట్టు, నోరు మూసుకో. తానుగా నీ చెయ్యి వెతుక్కుంటే అప్పుడు పట్టుకో. తగ్గినాక నిద్రపోతాడు, పోనీ. లేచినాక బుద్ధులు చెప్పకు.

ఇంట్లో ఊరికే రోజూ అట్లయితాంటే ముందు పండ్లు, చెవులు, కడుపు డాక్టరుకు చూపించు. మా చిన్నోడు నెలంతా గోడకు తల కొట్టుకుంటే అందరం మందులు మార్చమన్నాం. తీరా చూస్తే పుచ్చిపోయిన దవడ పన్ను. మాట రానోడు ఇంకెట్లా చెప్తాడు?

కల్యాణానికి ముందు ఒక మామూలు పొద్దున పోయి గుడి చూపించుకుని రాండి. కడప నుంచి గంట కూడా పట్టదు. ఆ రాత్రి మాత్రం పందిట్లోకి పోవద్దు. మైకులు, బాణసంచా, తోపులాట. దూరంగా, కారు తిప్పుకునే వీలున్న చోట నిలబడండి. వాడు "ఇంటికి" అన్న మొదటిసారే బయల్దేరండి. తాళి కట్టేది టీవీలో చూద్దువు.