అల్లుడూ, టైర్లకంటే ముందు రిమ్ముల సంగతి తేల్చుకో

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూశాను. కారు బాగుంది. నల్ల బీఎండబ్ల్యూ ఎక్స్‌5, 22 అంగుళాల రిమ్ములు, పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. కింద నువ్వడిగింది ఒక్క లైను, "మామయ్యా, ఆల్ సీజన్ టైర్లు ఏ కంపెనీవి వేయించమంటావు?" అని. దానికి ఒక్క లైన్లో జవాబు చెప్పలేక ఇంత రాస్తున్నా. ఫోన్లో చెబితే సగం విని మీటింగ్ ఉందంటావు.

కంపెనీ సంగతి తర్వాత. ముందు కారు పక్కన కూర్చుని టైరు మీద ఏం రాసుందో చదువు. ఆ రిమ్ములకి ముందు 275/35ఆర్22, వెనక 315/30ఆర్22 ఉంటాయి. 275 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 35 అంటే ఆ వెడల్పులో 35 శాతం, అది సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ ఎత్తు. లెక్క వేస్తే 96 మిల్లీమీటర్లు వస్తుంది, నాలుగంగుళాలు కూడా లేదు. ఇదే కారుకి 19 అంగుళాల రిమ్ముతో 265/50ఆర్19 టైర్లు కూడా కంపెనీయే ఇస్తుంది, దాని సైడ్‌వాల్ 132 మిల్లీమీటర్లు. మొత్తం చక్రం ఎత్తు రెండింటికీ దాదాపు ఒకటే కాబట్టి రిమ్ము ఎంత పెరిగితే రబ్బరూ గాలీ అంత తగ్గిపోతాయి. గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచుకోవాల్సింది ఆ గాలే.

నువ్వుండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో. ఇంకా ఒక్క చలికాలం కూడా చూడలేదు కాబట్టి చెబుతున్నా. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి పగలు కరిగిన నీళ్ళు రోడ్డు పగుళ్ళలోకి దిగి రాత్రికి గడ్డకట్టి ఉబ్బుతాయి, మళ్ళీ కరుగుతాయి, మళ్ళీ ఉబ్బుతాయి, మీద ట్రక్కులు పోతూనే ఉంటాయి, తారు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. రూట్ 1 మీద వాన పడుతున్నప్పుడు గుంత ఏదో నీటి మడుగు ఏదో తెలీదు. నాకు అలాగే అయింది. అప్పట్లో నా బండికి 21 అంగుళాల రిమ్ములు ఉండేవి, ఎగబడి కొన్నవే. 287 హైవే మీద ఒక రాత్రి ధడేల్‌మంది. ఇంటికొచ్చి చూస్తే రిమ్ము లోపలి అంచు వంగింది, టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె. బుడిపె వచ్చిందంటే లోపలి దారాలు తెగాయని అర్థం, దానికి రిపేరు లేదు, పారేయడమే. మిగతా మూడూ సగం అరిగి ఉన్నాయి, నాలుగు చక్రాలూ లాగే ఆల్ వీల్ డ్రైవ్ బండికి ఒక్కటే కొత్తది వేస్తే చక్రాల చుట్టుకొలతలో తేడా వచ్చి ముందూ వెనకా చక్రాలకి ఇంజిన్ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడుతుంది, అందుకని నాలుగూ కొన్నాను. రిమ్ము ఒక షాపులో సాపు చేయించాను. ఆరు నెలలకి సరిగ్గా సాపు చేసిన చోటే చిట్లి గాలి దిగడం మొదలైంది. మీ అత్త ఆ బిల్లు ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

అందుకే నా మాట వింటే, ఇంకో సెట్టు రిమ్ములు కొను. 20 అంగుళాలవి, నాలుగూ ఒకే సైజు, 275/45ఆర్20. సైడ్‌వాల్ 124 వస్తుంది. 22వాటిని గరాజ్‌లో పెట్టు, వేసవిలో వేసుకుందువు, లేదా అమ్మెయ్యి, ఆ రిమ్ములకి గిరాకీ బాగానే ఉంటుంది. కొనేముందు విన్ నంబరు (కారు గుర్తింపు నంబరు) ఇచ్చి బ్రేకులకి తగలకుండా పడతాయా అని అడుగు, ఒకే మోడల్‌లో కూడా పెద్ద ఇంజిన్ వాటికి బ్రేకులు పెద్దవి ఉంటాయి. చిన్న రిమ్ము వేస్తే బండి అందం పోతుందంటావు, నాకు తెలుసు. పార్కింగ్‌లో నిలబెట్టి చూసేవాడికి కొంచెం పోతుంది, లోపల కూర్చున్నవాడికి మాత్రం నడుం మిగులుతుంది.

20వి తీసుకుంటే ఇంకో లాభం, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకోవచ్చు. నీ 22వి ముందు సన్నం, వెనక వెడల్పు. వాటిని ముందువెనకలు మార్చడం కుదరదు, ఎక్కడివి అక్కడే అరగాలి. అందుకే 50 వేల మైళ్ళ వారంటీ అని పెద్దక్షరాలతో రాసిన టైరుకి కూడా, ముందు వెనక సైజులు వేరైతే వెనక వాటికి అందులో సగమే అని చాలా కంపెనీలు చిన్నక్షరాల్లో రాస్తాయి. ఆ చిన్నక్షరాలు చదివే అలవాటు చేసుకో.

సరే, ఇప్పుడు అసలు భయం. నువ్వా కారు కొన్నది నార్త్ కరోలినాలో, ఇక్కడికంటే వెచ్చగా ఉండే చోట. ఆ రిమ్ముల మీద ఉన్నవి సమ్మర్ టైర్లు అయి ఉండాలి, ఫోటోలో నాకు అలాగే కనబడ్డాయి. వాటి రబ్బరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి పోతే బిగుసుకుపోతుంది, మంచు పడకపోయినా సరే, పొడి రోడ్డు మీద కూడా పట్టు ఉండదు. నవంబరులో పొద్దున ఆఫీసుకి బయల్దేరేటప్పుడు ఇక్కడ అంతకంటే చల్లగానే ఉంటుంది. కాబట్టి దీపావళి డిస్కౌంట్లు, థాంక్స్‌గివింగ్ డిస్కౌంట్లు అని ఆగకు.

ఆల్ సీజన్ అనే మాట మన ఊళ్ళో అక్కర్లేదు. మనకి ఎండలూ వానలే, టైరుకి మంచు అంటే ఏమిటో తెలీదు. అమెరికాలో వెనకటికి చలికాలం రాగానే టైర్లు మార్చుకునేవాళ్ళు, 1977లో గుడ్‌ఇయర్ వాళ్ళు టియెంపో అని ఒకటి తెచ్చాక ఏడాదంతా ఒకే టైరు అనే అలవాటు పాకింది. అన్ని కాలాలకీ పనికొస్తుందంటే అన్నింట్లోనూ కొంచెం కొంచెం సర్దుకుపోతుందని అర్థం చేసుకో. అందులోనూ రెండు రకాలు. ఎం+ఎస్ (బురద, మంచు) అని ఉంటే అది గాడులు ఎలా కోశారన్న దాన్నిబట్టి కంపెనీ వేసుకునే ముద్ర, మంచులో పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉంటే అది పరీక్ష పాసైన టైరు. ఆ పరీక్ష కూడా గట్టిపడిన మంచు మీద బండి ముందుకి ఎంత పట్టుతో కదులుతుందో చూసేదే, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందో అందులో లేదు, నున్నటి ఐసు సంగతి అసలే లేదు. బండికి ఎక్స్‌డ్రైవ్ (ఆ ఆల్ వీల్ డ్రైవే) ఉంది కదా అని ధీమా పెట్టుకోకు. బయల్దేరేటప్పుడు నాలుగు చక్రాలూ లాగుతాయి, నిజమే. ఆగేటప్పుడు పక్కనున్న పాత కరోలాకీ నాలుగు చక్రాలే, నీకూ నాలుగే, పైగా నీది ఖాళీగానే రెండు టన్నుల పైన.

ఆ బరువు మాటకొస్తే, సైజు తర్వాత ఇంకో అంకె, దాని పక్కన ఒక అక్షరం ఉంటాయి. నీ ముందు టైర్లకి 104వై, వెనక 107వై ఉంటుంది. 104 అంటే ఒక్కో టైరు 900 కిలోలు మోస్తుంది, 107 అంటే 975. నేను చెప్పిన 20వాటికి 110, అంటే 1,060 కిలోలు. ఆ అంకె కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గితే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకు, ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని ఉందో లేదో కూడా చూడు. అక్షరం వేగానికి. వై అంటే గంటకి 186 మైళ్ళు, వి అంటే 149, హెచ్ అంటే 130. నువ్వు 186లో పోవు (పోతే మా అక్కకి ఫోన్ చేస్తా). అయినా కంపెనీ ఇచ్చిన అక్షరం కంటే తక్కువది వేయమంటే చాలా షాపుల్లో ఒప్పుకోరు, అక్కడి కుర్రాడితో వాదన పెట్టుకోకు, వాడి చేతిలో లేదది. డ్రైవర్ తలుపు తీస్తే లోపల స్టిక్కరు మీద ఆ కారుకి ఇచ్చిన సైజూ, గాలీ రాసి ఉంటాయి, ఫోటో తీసుకుని షాపుకి వెళ్ళు.

టైరు మీద చిన్న నక్షత్రం ఉంటే అది ఆ కారు కంపెనీ కోసం ప్రత్యేకంగా చేయించినది. దొరికితే మంచిదే, దొరక్కపోతే కొంపేం మునిగిపోదు. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కావడం మాత్రం తప్పదు. ముందు ఒకటి, వెనక ఇంకోటి వేసి పొదుపు చేశాననుకుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర ఆ పొదుపంతా వడ్డీతో కట్టాలి.

డిక్కీ ఎత్తి చూడు, స్టెప్నీ బహుశా ఉండదు. రన్‌ఫ్లాట్ టైర్లయితే గాలి మొత్తం పోయినా 50 మైళ్ళ వేగం దాటకుండా ఓ 50 మైళ్ళు పోనిస్తాయి. గట్టిగా ఉంటాయి, ఖరీదు ఎక్కువ, గుంత పడితే వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చు. నాకు ఇష్టం లేదు. మామూలు టైర్లు వేయించి డిక్కీలో గాలి కొట్టే చిన్న పంపు, పంక్చర్ కిట్టు పెట్టుకున్నాను. ఒకటి గుర్తుంచుకో, ఆ కిట్టు గాడుల మధ్య మేకు దిగితే పనికొస్తుంది కానీ సైడ్‌వాల్ చీలితే టో ట్రక్కే గతి. 22 అంగుళాల వాటికి చీలేది ఎక్కువగా అక్కడే.

పేర్లు అడిగావు కదా. మంచు మీద భరోసా ఇచ్చేవి, కొండ బొమ్మ ఉన్నవి: మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, పిరెల్లి స్కార్పియన్ వెదర్‌యాక్టివ్, వ్రెడెస్టైన్ క్వాట్రాక్ ప్రో ప్లస్. ఈ మూడో పేరు వినుండవు. డచ్చి కంపెనీ, 2009లో మన అపోలో టైర్స్ వాళ్ళు కొన్నారు, అదే తిరుపతి దగ్గర చిన్నపాండూరులో ఫ్యాక్టరీ పెట్టిన అపోలో. వానలోనూ పొడి రోడ్డు మీదా చురుగ్గా పోవాలి, మంచు ఎప్పుడో ఓసారి పడుతుంది అనుకుంటే మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్06 ప్లస్. ఈ రెండోదాంట్లో నాకు నచ్చిన తమాషా ఒకటుంది, గాడుల మీద డి, డబ్ల్యూ, ఎస్ (పొడి, తడి, మంచు) అని మూడక్షరాలు చెక్కి ఉంటాయి. టైరు అరిగే కొద్దీ ముందు ఎస్ చెరిగిపోతుంది, అంటే ఇక మంచులోకి తీసుకుపోవద్దని. తర్వాత డబ్ల్యూ పోతుంది, వానలో జాగ్రత్త అని.

20 అంగుళాలకి దిగితే మొదటి గుంపులోది ఏదైనా తీసుకో, నేనైతే కళ్ళు మూసుకుని అదే చేస్తా. 22 అంగుళాలే ఉంచుకుంటానని పట్టు పడితే రెండో గుంపులో నీ సైజులు రెండూ, ముందుదీ వెనకదీ, ఒకే మోడల్‌లో ఉన్నది వెతుక్కోవాలి, అక్కడ బేరం చేసేంత ఎంపిక ఉండదు. పోకోనోస్ కొండలకి స్కీయింగ్ అంటూ ప్రతి శనివారం బయల్దేరేవాళ్ళయితే ఇవేవీ కాదు, నిఖార్సయిన వింటర్ టైర్లే.

టైరు మీద 60 వేల మైళ్ళు అని, ట్రెడ్‌వేర్ (ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 500 అని, 700 అని అంకెలు చూసి మురిసిపోకు. ట్రెడ్‌వేర్ అంకె ప్రతి కంపెనీ తన టైర్లకి తనే ఇచ్చుకునేది, ఒకే కంపెనీ రెండు టైర్లని పోల్చుకోవడానికైతే పనికొస్తుంది. తారీఖు మాత్రం తప్పకుండా చూడు. డాట్ అనే ముద్ర చివర నాలుగంకెలు ఉంటాయి, 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని. ఇంత పెద్ద సైజులు రోజూ అమ్ముడుపోవు, గోడౌన్లో మూలన పడి ఉన్నవి అంటగడతారు. ఏడాది దాటితే వేరేవి తెప్పించమను. బిగించాక చూసి లాభం లేదు, బిగించక ముందే చూడు, సిగ్గుపడకు.

ఎక్కడ వేయించాలి అంటే నీ సైజు ఉంటే కాస్ట్‌కో బాగానే ఉంటుంది, రోడ్ హజార్డ్ వారంటీ (గుంతకో మేకుకో టైరు పోతే ఆదుకునేది) కలిపే ఇస్తారు, గుంతలున్న ఊళ్ళో అది ముఖ్యం. ఎక్కడైనా సరే రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ (చక్రాన్ని రోలరుతో నొక్కి తిప్పి చూసేది) చేస్తారా అని అడుగు. పెద్ద చక్రానికి ఒక్కోసారి మామూలు బ్యాలెన్సింగ్ చాలదు, 65 మైళ్ళ దగ్గర స్టీరింగు వణుకుతుంది, నీకేమో ఇంజిన్లో ఏదో ఉందని టెన్షన్. బోల్టులు గన్నుతో బిగించి వదిలెయ్యకుండా చివర టార్క్ రెంచితో చూడమను, 50, 100 మైళ్ళు తిరిగాక ఇంకోసారి చూపించు. పాత టైర్లు లోపలి అంచున ఎక్కువ అరిగి ఉంటే అలైన్‌మెంట్ చేయించకుండా కొత్తవి వేయించడం డబ్బు తారు మీద రుద్దడమే.

గాలి నెలకోసారి, పొద్దున్నే, బండి తీయకముందు. తలుపు స్టిక్కరు మీదున్నంతే, టైరు మీద రాసున్న అంకె గరిష్ఠం, అది కాదు. పది డిగ్రీల ఫారెన్‌హీట్ చలి పెరిగితే గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, అందుకే మొదటి చలి పొద్దున అందరి డాష్‌బోర్డుల్లోనూ పసుపు లైటు వెలుగుతుంది. పంక్చరయిందని నాకు ఫోన్ చెయ్యకు.

శనివారం బ్రిడ్జ్‌వాటర్ గుడికి వస్తున్నారుగా, టార్చి, గాడుల లోతు చూసే గేజీ తెస్తాను. ప్రసాదం పులిహోర తినేసి పార్కింగ్‌లో ఆ రిమ్ముల లోపలి అంచులు ఓసారి చూద్దాం, అమ్మినవాడు ఎక్కడైనా గుంతలో వేసి ఉంటే అక్కడ తెలుస్తుంది. అమ్మాయి వాహన పూజ కూడా అదే రోజు చేయిద్దామంటోందట, మీ అత్త చెప్పింది. నిమ్మకాయలు తొక్కించేది కొత్త టైర్లు వేశాక పెట్టుకోమని చెప్పు.

మీ మామయ్య