డిస్క్ డ్రైవర్లలో బగ్గులు సరిచేసే పని నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: వరంగల్‌లో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే ప్రధాన భాగం) స్టోరేజ్ డ్రైవర్లలో, ముఖ్యంగా ఎర్రర్ హ్యాండ్లింగ్‌లో వచ్చే రేస్ కండిషన్లపై (రెండు పనులు ఒకేసారి నడిచి, ఏది ముందు జరిగిందన్న దాన్ని బట్టి వచ్చే బగ్గులపై) పనిచేయాలని ఉంది. ఇంట్లో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్లు పూర్తిగా తయారుచేయడం నేర్పే) కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఈ పనిలో ఫ్రెషర్లకు నేరుగా దొరికే ఉద్యోగాలు తక్కువేనన్న మీ ఇంట్లోవారి భయం నిరాధారం కాదు. అయితే హైదరాబాద్‌లో మైక్రాన్, ఏఎండీ, క్వాల్‌కామ్ వంటి సంస్థలకు పెద్ద కార్యాలయాలున్నాయి. చిప్పులు, మెమరీ తయారుచేసే సంస్థలకు డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ రాసేవారి అవసరం ఎప్పుడూ ఉంటుంది. అక్కడి ఇంటర్వ్యూలో రెజ్యూమేలోని ‘కెర్నెల్ తెలుసు’ అన్న మాటకు విలువ తక్కువ. ఒక్క రేస్‌ను మీరే పుట్టించి, అది ఎందుకు వచ్చిందో కాగితం మీద గీసి చెప్పగలిగితే సంభాషణ తీరే మారిపోతుంది.

ఉదాహరణకు స్కజీ (కంప్యూటర్‌కు డిస్కులను కలిపే ఒక ప్రమాణం) డిస్కును తీసుకోండి. కమాండ్ పంపిన తర్వాత సాధారణంగా 30 సెకన్లలోగా జవాబు రాకపోతే కెర్నెల్ దానిని టైమౌట్‌గా పరిగణిస్తుంది. సరిగ్గా ఆ ముప్పయ్యో సెకనులోనే డిస్కు జవాబు పంపిందనుకోండి: ఒక సీపీయూ మీద ఇంటరప్ట్ హ్యాండ్లర్ (డిస్కు పంపిన సంకేతాన్ని అందుకునే కోడ్) ‘పని పూర్తయింది’ అంటుంది, మరో సీపీయూ మీద టైమౌట్ కోడ్ ‘దీనిని రద్దు చేయాలి’ అంటుంది. ఇద్దరూ ముందుకు సాగితే ఒకరు విడుదల చేసిన మెమరీని మరొకరు తాకుతారు. అందుకే కమాండ్‌లో ఒక బిట్ ఉంచి, దానిని అటామిక్‌గా (మధ్యలో మరెవరూ దూరకుండా ఒకే అడుగులో) ముందు సెట్ చేసినవారికే ఆ కమాండ్ మీద హక్కు ఇస్తారు. రెండోవారు వెనక్కి తగ్గాలి.

ఇంతకంటే మొండి రకం మరొకటి ఉంది. విఫలమైన కమాండ్ల లెక్క, వాటితో కలిపి ఇంకా ముగియని మొత్తం కమాండ్ల లెక్క సమానమైనప్పుడే ఎర్రర్ హ్యాండ్లర్ థ్రెడ్‌ను (విఫలమైన కమాండ్లను చక్కదిద్దే కోడ్‌ను) నిద్ర లేపుతారు. ఒక సీపీయూ మొదటి లెక్కను పెంచుతుండగా మరొకటి రెండో లెక్కను తగ్గిస్తుంటే, ఎదుటివారి పాత విలువనే చూసి ‘ఇంకా సమయం కాలేదు’ అని ఇద్దరూ వెళ్లిపోయే అవకాశం ఉంది. అప్పుడు థ్రెడ్ లేవదు, కొత్త కమాండ్లు వెళ్లవు, 120 సెకన్లు దాటాక లాగ్‌లో హంగ్ టాస్క్ (పని కదలకుండా నిలిచిపోయిందన్న) హెచ్చరిక మాత్రం కనబడుతుంది. విషయం తెలుసుకుందామని ఒక ప్రింట్‌కే (లాగ్‌లో సందేశం రాసే) లైను చేర్చగానే సమయాలు మారి బగ్ మాయమవుతుంది. ఇక్కడే చాలామంది విసుగెత్తి వదిలేస్తారు. అనుభవజ్ఞులు దీనికి తలకిందుల పద్ధతి వాడతారు: అనుమానం ఉన్న రెండు లైన్ల మధ్య కావాలనే చిన్న ఆలస్యం పెట్టి, లక్షసార్లకొకసారి వచ్చే బగ్‌ను ప్రతిసారీ వచ్చేలా చేస్తారు.

దీనికి ఖరీదైన డిస్కులు అక్కర్లేదు. క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు మూడు సీపీయూలున్న వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే నకలు కంప్యూటర్), అందులో మెమరీనే డిస్కుగా చూపే స్కజీ డీబగ్ మాడ్యూల్ చాలు. ప్రతి నూరో కమాండ్‌కు జవాబు ఇవ్వవద్దని దానికి చెప్పవచ్చు. టైమౌట్‌ను రెండు సెకన్లకు తగ్గిస్తే ఎదురుచూపు కూడా తగ్గుతుంది. లాక్‌ల (ఒకేసారి ఒక్కరే డేటాను తాకేలా చూసే తాళాల) తప్పులను పట్టడానికి లాక్‌డెప్, డేటా రేస్‌లను పట్టడానికి 2020లో 5.8 కెర్నెల్‌తో వచ్చిన కేసీశాన్ ఉన్నాయి. అయితే కేసీశాన్ చూపిన ప్రతి హెచ్చరిక మీదా లాక్ వేసేయడం వైద్యం కాదు. ప్యాచ్‌తో (పంపే కోడ్ సవరణతో) పాటు రాసే వివరణలో ఏ సీపీయూ ఏ క్రమంలో ఏం చేసిందో రెండు నిలువు వరుసల్లో చూపండి. నా దృష్టిలో ఆ వివరణ, సరిచేసిన మూడు లైన్ల కోడ్ కంటే ఎక్కువ పని.

సీ భాషలో పాయింటర్లు ఇంకా తడబడుతుంటే మొదటి రెండు నెలలు వాటికే ఇవ్వండి. ఇంట్లో ఆరు నెలల గడువు అడగండి. ఆలోగా ఒక రేస్‌ను పుట్టించి, సరిచేసి, మీ ప్రొఫెసర్‌కు బోర్డు మీద వివరించగలిగితే ఈ దారిలోనే కొనసాగండి. లేదంటే ఫుల్ స్టాక్ కోర్సులో చేరడానికి నాలుగో సంవత్సరం మొదట్లో కూడా ఆలస్యం కాదు.