ఎర్ర నది గురించి రాస్తున్న తమ్మునికి

హనుమకొండ

చిరంజీవి తమ్మునికి ఆశీస్సులు.

గోదావరిఖని నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. స్పెయిన్‌లోని రియో టింటో నదిని ఎంచుకున్నందుకు సంతోషం. అయితే అక్కడి బాక్టీరియా "ఇనుమును తింటుంది" అని మొదట్లోనే రాసి ముందుకు వెళ్లిపోయావు. ఆ మాట తీసేసి అసలు జరిగేది రాయి.

ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీళ్లను బకెట్లో పట్టి చూడు. పట్టినప్పుడు తేటగా ఉంటాయి, కొంతసేపటికి అడుగున ఎర్రని మడ్డి దిగుతుంది. నీటిలో కరిగిన ఫెర్రస్ ఇనుము గాలిలోని ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి ఫెర్రిక్‌గా మారడం వల్లనే ఆ మడ్డి ఏర్పడుతుంది. పీహెచ్ 2 చుట్టుపక్కల, అంటే బాగా ఆమ్లంగా ఉండే రియో టింటో నీళ్లలో ఈ మార్పు తనంతట తాను జరగాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఆలస్యమే అసిడిథియోబాసిల్లస్, లెప్టోస్పిరిల్లమ్ వంటి సూక్ష్మజీవులకు బతుకుతెరువు. అవి ఆ ఎలక్ట్రాన్‌ను మధ్యలో అందుకొని ఆక్సిజన్‌కు చేరుస్తాయి, ఆ దారిలో దక్కే కాస్త శక్తితో కార్బన్ డయాక్సైడ్ నుంచి తమ ఒంటిని కట్టుకుంటాయి. దక్కేది అంత కొంచెం కనుకనే విపరీతమైన ఇనుమును మార్చవలసి వస్తుంది, నది ఎర్రబడుతుంది.

ఇక్కడ ఆగకు. ఆ ఫెర్రిక్ ఇనుము, ఇనుమూ గంధకమూ కలిసిన పైరైట్ రాతిని కొరుకుతుంది. ఒక్క పైరైట్ అణువుపై 14 ఫెర్రిక్ అయాన్లు పనిచేస్తే 15 ఫెర్రస్ అయాన్లు తిరిగివస్తాయి, వాటితోపాటు 16 హైడ్రోజన్ అయాన్లు, అంటే ఆమ్లం, విడుదలవుతాయి. తిరిగివచ్చిన ఫెర్రస్‌ను బాక్టీరియా మళ్లీ ఫెర్రిక్‌గా మారుస్తుంది. నీ వ్యాసానికి వెన్నెముక ఈ లెక్కే, దీనికి ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు. రాతితోపాటు రాగి, జింకు, ఆర్సెనిక్ కూడా నీటిలోకి దిగుతాయి.

ఆక్సిజన్ తక్కువున్న చోట అసిడిఫిలియం వంటి బాక్టీరియా ఫెర్రిక్‌ను తిరిగి ఫెర్రస్‌గా మారుస్తాయి. అడుగు బురదలో సల్ఫేట్‌ను క్షయకరించే (సల్ఫైడ్‌గా మార్చే) సూక్ష్మజీవుల వల్ల రాగి సల్ఫైడ్‌గా గట్టిపడి కింద చేరుతుంది. ఒడ్డున పేరుకునే పసుపుపచ్చని ష్వెర్ట్‌మనైట్ అనే ఇనుప ఖనిజం ఆర్సెనిక్‌ను పట్టి ఉంచుతుంది. అంటే లోహాన్ని నీటిలోకి వదిలేవి, తిరిగి కట్టిపెట్టేవి ఒకే నదిలో ఉన్నాయి. "విషాన్ని శుద్ధిచేసే జీవులు" అన్న నీ శీర్షిక ఇందులో సగమే చెబుతుంది, మార్చు.

చివరి పేరా నన్ను బాధపెట్టింది. మన గోదావరికీ ఇదే గతి పడుతుందన్నావు. సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ, పైరైట్ పుష్కలంగా ఉన్న రియో టింటో రాతితో దానికి పోలిక కుదరదు. మన దేశంలో ఆమ్లపు వాగులు చూపాలంటే మేఘాలయలోని జయంతియా కొండల బొగ్గు గనుల వైపు చూడాలి. మన నీళ్ల గురించి రాయాలని నీకు తపన ఉంది, అది నాకు ఇష్టం. అందుకే చెబుతున్నాను, పీహెచ్ కాగితాలు కొనుక్కొని, గని నీళ్లు వాగులో కలిసే చోట వానకు ముందూ తర్వాతా ముంచి, తేదీతో సహా నోటుబుక్కులో రాసుకో. దసరాకు వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురా, చివరి పేరా ఇద్దరం కూర్చొని చూద్దాం.

నీ అన్న