చెక్కముక్కలతో బొగ్గుపొడి: డబ్బా మర్నాడే తెరవండి

కుండీ మొక్కలకి బొగ్గుపొడి కావాలి, వడ్రంగి వదిలేసిన ముక్కలున్నాయి, ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. మాది పలాస వైపు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా జీడితోట కూలిపోయింది. దుంగలు అమ్మేశాక మిగిలిన కొమ్మలతో నేర్చుకున్న పని ఇది.

మూత బిగుతుగా పట్టే రేకుడబ్బా ఒకటి చాలు. మూతకి మేకుతో చిన్న చిల్లు పెట్టండి. మొదటిసారి నేను పెట్టలేదు. ఢామ్మని మూత లేచి పెరటిగోడ అవతల పడింది, మా పిన్ని గుండె పట్టుకుని కూర్చుంది!

బొటనవేలంత లావున్న ఎండు ముక్కలు కూరి, మంటలో పెట్టి, చుట్టూ కొబ్బరి డొక్కలు, మట్టలు వేసి కాల్చండి. ముందు చిల్లులోంచి తెల్లటి పొగ వస్తుంది, అది తడి. తర్వాత వచ్చే పొగ అంటుకుని చిల్లు దగ్గర చిన్న దీపంలా వెలుగుతుంది. ఆ దీపం దానంతటదే ఆరిపోయిందంటే బొగ్గు అయినట్టే. చిల్లుని తడిమట్టితో మూసి, మర్నాటి దాకా ముట్టుకోకండి. నేను ఓసారి ఆత్రం ఆగక రెండు గంటలకే తీశాను. నల్లగా చల్లారినట్టే ఉన్న ముక్కలు గాలి తగలగానే అంచుల నుంచి ఎర్రబడ్డాయి. నీళ్లు పోసేలోపు సగం బూడిదే.

విరిస్తే టక్కున విరగాలి. లోపల గోధుమరంగు కనిపిస్తే మళ్లీ కాల్చాల్సిందే. నాలుగైదు కిలోల చెక్కకి కిలో బొగ్గు దక్కితే గొప్ప.

ప్లైవుడ్, రంగువేసిన చెక్క వద్దు, ఆ జిగురూ రంగూ విషప్పొగ. మా వైపు ఊరికే దొరికే జీడిపిక్కల తొక్కలు కూడా వద్దు. ఆ నూనె చేతులు కాలుస్తుంది, పొగ కళ్లు మండిస్తుంది. ఇదంతా ఆరుబయటే చేయండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మూసిన గదిలో ప్రాణాలు తీస్తుంది.

పొడికి మిక్సీ జోలికి పోకండి, అమ్మతో తిట్లు తిన్న అనుభవం నాది. కాస్త నీళ్లు చిలకరించి, గోనెసంచిలో మూటకట్టి రోకలితో దంచి జల్లెడ పట్టండి. ముక్కుకి తువ్వాలు కట్టుకోండి. కొత్త పొడిని నేరుగా మట్టిలో కలిపితే మొక్కకి అందాల్సిన సత్తువ అదే పీల్చుకుంటుంది. అందుకే రెండు వారాలు పేడనీళ్లలో నానబెట్టి, పది దోసిళ్ల మట్టికి ఒక దోసిడి కలుపుతాను.