గ్రెనోబుల్ చూడాలంటే ఎండాకాలంలో కాదు, జనవరిలో వెళ్లండి

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. మైక్రోఎలక్ట్రానిక్స్‌లో మాస్టర్స్‌కి ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ వెళ్తానంటోంది. మ్యూనిక్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి జూలైలో వెళ్లినప్పుడు ఆ ఊరూ చూద్దామనుకుంటున్నాం. అమ్మాయికి కాస్త ఆస్తమా ఉంది. మీ సలహా ఏమిటి?

జవాబు: తప్పకుండా చూడండి, కానీ జూలైలో వద్దు. అప్పుడు క్యాంపస్ ఖాళీగా ఉంటుంది, కొండలు చూసి ముచ్చటపడి తిరిగొస్తారు. అమ్మాయి కాలేజీలో ముందే సెలవు అడిగి, జనవరి చివర్లో వెళ్లండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆస్తమానే. షార్ట్రూజ్, వెర్కోర్, బెల్‌డోన్ అనే మూడు పర్వతశ్రేణుల మధ్య ఉన్నా, ఊరు సముద్రమట్టానికి 200 మీటర్ల పైచిలుకు ఎత్తులోనే ఉంటుంది. చలికాలంలో చల్లగాలి కింద నిలిచిపోతుంది, పైన వెచ్చని గాలి మూతలా కప్పేస్తుంది. వాహనాల పొగ, ఇళ్లలో కట్టెలు కాల్చిన పొగ ఎటూ పోలేవు. ఆ గాలి పడుతుందో లేదో తెలియాలంటే అమ్మాయిని అక్కడ నాలుగైదు రోజులైనా ఉంచండి. బయల్దేరే ముందు డాక్టర్‌కి చూపించి, ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోమనండి. అక్కడ ఊపిరికి ఇబ్బందైతే, కోర్సు ఎంత మంచిదైనా వేరే ఊరు చూడమనే అంటాను.

కోర్సు విషయంలో మాత్రం మీ అమ్మాయి ఆలోచన చాలా బాగుంది. ఆ కొండల మీంచి దూకే నీటితో 19వ శతాబ్దంలోనే అక్కడ మిల్లులు నడిచాయి, తర్వాత కరెంటు, విద్యుత్ పరికరాల తయారీ వచ్చాయి. 1956లో అణుశక్తి పరిశోధన కేంద్రం, 1967లో దానికి అనుబంధంగా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ లెటీ మొదలయ్యాయి. ఇప్పుడు ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ చిప్ ఫ్యాక్టరీ పక్కనే క్రోల్‌లో ఉంది. ఇంటర్న్‌షిప్‌కి ఊరు దాటాల్సిన పని లేకపోవచ్చు.

అక్కడ ట్రామ్ బి లైన్ ఎక్కి ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లండి. ఒకవైపు పరిశోధన కేంద్రాలు, మరోవైపు యూనివర్సిటీ క్యాంపస్. మధ్యాహ్నం విద్యార్థుల క్యాంటీన్‌లో మనవాళ్లు కనిపిస్తే గది అద్దె ఎంత, ఇంటర్న్‌షిప్ ఎలా దొరికింది అని అమ్మాయినే అడగనివ్వండి. మీరు పక్కన ఉంటే వాళ్లు మొహమాటపడతారు. దుకాణంలో, మందుల షాపులో కూడా తననే మాట్లాడమనండి. క్లాసులు ఇంగ్లిష్‌లో ఉన్నా, ఊరు ఫ్రెంచ్‌లోనే నడుస్తుంది. ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాంసేజ్ హైదరాబాద్‌లో ఉంది, అందులో ఇప్పుడే చేరితే మంచిది.

మ్యూనిక్ కోసం తీసుకునే షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా)తోనే గ్రెనోబుల్ వెళ్లొచ్చు. అడ్మిషన్ వస్తే చదువుకి వేరే వీసా కావాలి, దానికి ఇక్కడికి తిరిగొచ్చి, విదేశీ విద్యార్థుల కోసం ఫ్రాన్స్ ప్రభుత్వం నడిపే క్యాంపస్ ఫ్రాన్స్ సంస్థ ద్వారానే దరఖాస్తు చేయాలి.