ఖాళీదే అనుకున్న పిస్టల్, గోడ మీది క్యాలెండర్

ప్రశ్న: తుపాకీ పట్టుకునే విషయంలో మీరు చేసిన, చెప్పుకోవడానికి సిగ్గనిపించే పొరపాటు ఏమైనా ఉందా? దాని నుంచి ఏం నేర్చుకున్నారు?

ఉంది. చాలా రోజులు ఇంటి గడప దాటనివ్వలేదు ఆ సంగతి. మా కోచ్‌కి కూడా ఏడాది తర్వాతే చెప్పాను.

మాది నెల్లూరు. పెళ్ళయి చెన్నై వచ్చాక విల్లివాక్కంలోనే ఉంటున్నాం. మా అబ్బాయిని ఎయిర్ రైఫిల్‌లో చేర్పించి, వాడి కోసం రోజూ రెండు గంటలు బెంచీ మీద ఊరికే కూర్చోలేక నేనూ ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు, అంటే పెల్లెట్, కాల్చేది) మొదలుపెట్టాను. అప్పటికి నాకు నలభై దాటాయి. 10 మీటర్ల దూరంలో అట్ట, దాని నడుమ పదిపాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. మొదటి నెలలోనే పిచ్చి పట్టుకుంది. గగన్ నారంగ్ పుట్టింది చెన్నైలో, ఎదిగింది హైదరాబాదులో. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆయన కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. చెన్నైలో ఉన్న మాలాంటి తెలుగువాళ్ళకి ఆయన రెండు విధాలా మనవాడే. మా వాడి చదువు బల్ల మీద ఆయన ఫోటో ఉంది.

చేరిన మొదటి వారంలోనే ఒక తప్పు చేశాను. ఏదో అడగాలని చేతిలో పిస్టల్ ఉండగానే కోచ్ వైపు తిరిగాను. "గన్ కీళ వైంగ!" అని ఆయన వేసిన కేకకు మొత్తం లైను ఆగిపోయింది. కింద పెట్టమని. పక్క లేన్లలో ఉన్న పిల్లలందరూ నా వైపే చూశారు. మొహం ఎర్రబడింది, ఇంటికెళ్ళి ఏడ్చాను కూడా. కానీ అక్కడ నేర్చుకున్నది బుర్రకెక్కలేదని తర్వాత తెలిసింది.

2021 నవంబర్ 6, శనివారం. దీపావళి అయి రెండు రోజులు. ఆ రాత్రి కురిసిన వానకే చెన్నైలో సగం వీధులు మునిగాయి, ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సాయంత్రం షూటింగ్ రేంజ్‌లో ఉండగానే మబ్బు కమ్మేసింది. నేను ఒక పెల్లెట్ పెట్టి లీవర్ మూశాను. చెయ్యి ఎత్తేలోపు "స్టాప్" అన్నారు. అప్పుడు చెయ్యాల్సింది ఏమిటంటే, బ్యారెల్ అట్ట వైపే ఉంచి, లోపల పెల్లెట్ ఉందని కోచ్‌కి చెప్పి, ఆయన అనుమతితో దాన్ని అట్టలోకి కాల్చెయ్యాలి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మా ఆయన. "వాన పట్టేలా ఉంది, సబ్‌వే నిండకముందే బయల్దేరండి." సబ్‌వే అంటే రైలు పట్టాల కింది దారి. పిస్టల్‌ని పెట్టెలో పెట్టేశాను. నారింజ రంగు తాడు బెంచీ మీదే ఉండిపోయింది.

ఆ తాడు గురించి చెప్పాలి. సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ పోటీల్లో అది బ్యారెల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయి బయటికి కనిపించాలని అంతర్జాతీయ నియమం. లోపల పెల్లెట్ ఉంటే తాడు దూరదు. పది రూపాయల ప్లాస్టిక్ తాడు అది. ఆ రోజు నేను దాన్ని దూర్చి ఉంటే ఇదంతా రాసేదాన్ని కాదు.

రాత్రి ఎనిమిదింటికి హాల్లో డ్రై ప్రాక్టీసుకి నిలబడ్డాను. అంటే పెల్లెట్ లేకుండా, గాలి వదలకుండా ట్రిగ్గర్ ఒక్కటే నొక్కుతూ చెయ్యి కదలకుండా చూసుకోవడం. నా పిస్టల్‌లో దానికి చిన్న మీట ఉంది, అటు తిప్పితే గాలి రాదు. ఆ మీటా తిప్పలేదు. గురి దేనికంటే, గోడ మీద రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీది పెద్ద అంకెకి. ఆ రోజు 6. ఆ ఆరులో ఉన్న సున్నా నాకు బాగా కుదిరేది.

ఆ క్యాలెండర్ కిందే మా అత్తయ్య కుర్చీ. అప్పటిదాకా అక్కడ కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతూ ఉన్నారు. కుక్కర్ మూడో కూత వేస్తే పొయ్యి కట్టెయ్యడానికి లేచి వెళ్ళారు. పళ్ళెం కుర్చీలోనే ఉంది.

'టప్' మంది.

హాల్లో ఆ చప్పుడు రేంజ్‌లో కన్నా పెద్దగా వినిపించింది. క్యాలెండర్ కొంచెం ఊగింది. ఏం జరిగిందో అర్థమయ్యేసరికి నేను "అత్తయ్యా!" అంటూ వంటింటి వైపు తిరిగాను. చేతిలో పిస్టల్ అలాగే ఉంది. ఆవిడ గుమ్మంలోకి వచ్చారు. నా వెనక నుంచి మా వాడు, అప్పటికి వాడికి పదమూడేళ్ళు, గొంతు పెంచకుండా అన్నాడు: "అమ్మా, బ్యారెల్ నానమ్మ వైపుంది."

నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వని మాట అది. పిస్టల్ పేలడం ఒక తప్పు. పేలింది కదా, ఇంక ఖాళీదే కదా అన్నట్టు దాన్ని ఊపుతూ మనిషి వైపు తిరగడం అంతకన్నా పెద్ద తప్పు. మొదటి వారంలో కోచ్ కేక వేసి ఆపిన తప్పే మళ్ళీ చేశాను. ఈసారి ఎదురుగా ఉన్నది మా అత్తయ్య.

ఆవిడ ఒక్క మాటే అన్నారు. "ముందు దాన్ని కింద పెట్టమ్మాయ్." పెట్టాను.

క్యాలెండర్ తీసి చూస్తే, పెల్లెట్ కాగితాలూ వెనక అట్టా దాటి గోడకు కొట్టుకుని ఉంది. సీసం కదా, అణిగిపోయి బొట్టుబిళ్ళలా అయింది. సున్నం పెచ్చు చిన్నది ఊడి పళ్ళెంలో కాయల మీద పడింది. అరగ్రాము పెల్లెట్, సెకనుకి నూటయాభై మీటర్ల వేగం. గోడ కాబట్టి అక్కడ ఆగింది. కుర్చీలో కూర్చున్న మనిషి తల సరిగ్గా ఆ క్యాలెండర్ కింది అంచు దగ్గరికొస్తుంది, నా చెయ్యి కాస్త కిందికి జారితే చాలు.

నవంబర్ 6 నుంచి డిసెంబర్ 31 దాకా 56 కాగితాలు. అన్నిటికీ చిల్లు. అత్తయ్య రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి కాగితం చింపుతారు. చింపితే కింద ఇంకో తేదీ, అందులోనూ అదే చోట చిల్లు. క్యాలెండర్ మారుద్దామని మా ఆయన అంటే నేనే వద్దన్నాను. ఆ రెండు నెలలూ పొద్దున్నే ఆ చిల్లు చూశాకే నేను రేంజ్‌కి వెళ్ళాను.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. ఆ రాత్రి నన్ను ఎవరైనా "పిస్టల్ ఖాళీ చేశావా" అని అడిగి ఉంటే ఒట్టేసి చెప్పేదాన్ని, చేశానని. అబద్ధం ఆడినట్టు కాదు. నాకు నిజంగానే ఖాళీ చేసినట్టు గుర్తుంది! రోజూ చేసే పని కదా. నిన్న చేసింది, మొన్న చేసింది ఈ రోజు చేసినట్టే అనిపిస్తుంది. గ్యాస్ కట్టేశామా అని సగం దారిలో అనుమానం వచ్చినప్పుడు, కట్టేసినట్టు కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది చూడండి, అలాగే. అందుకే తుపాకీ విషయంలో జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ తెరిచి చూడాలి, తాడు దూర్చాలి. అన్నిటినీ నిండుగా ఉన్నట్టే పట్టుకోవాలని, కాల్చాలనుకోని దేని వైపూ గొట్టం తిప్పకూడదని, గురి వెనక ఏముందో తెలుసుకోవాలని అమెరికా మెరైన్ లెఫ్టినెంట్ కర్నల్ జెఫ్ కూపర్ ఎప్పుడో చెప్పాడు. అవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ రోజూ వచ్చు.

ఇంకో సంగతి. దానికి రెండు వారాల ముందే, 2021 అక్టోబర్ 21న, అమెరికాలో న్యూ మెక్సికోలో సినిమా షూటింగ్‌లో నటుడు అలెక్ బాల్డ్విన్ చేతిలోని రివాల్వర్ పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. 'కోల్డ్ గన్' అని, అంటే ప్రమాదం లేనిదని చెప్పి ఇచ్చారట. లోపల నిజమైన గుండు ఉంది. ఆయుధాలు చూసుకునే అమ్మాయికి 2024లో 18 నెలల జైలు పడింది. ఆ వార్త వచ్చిన రోజు రేంజ్‌లో టీ తాగుతూ "ఒక్కసారి తెరిచి చూస్తే పోయేది కదా" అన్నది నేనే. 2024 అక్టోబర్‌లో ముంబైలో నటుడు గోవిందా సొంత రివాల్వర్ పేలి కాలికి గాయమైనప్పుడు మా వాట్సాప్ గ్రూపులో అందరూ ఏవేవో రాశారు. నేను ఒక్క మాట కూడా రాయలేకపోయాను.

మన దగ్గర జనానికి ఇది ఎందుకు పట్టదో నాకు తెలుసు. "ఎయిర్ గన్నే కదా, బొమ్మ" అంటారు. 0.177 అంగుళాల బోర్ (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ గన్నుకి 2016 ఆయుధ నియమాల కింద లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు లేదంటే ప్రమాదమూ లేదని జనం లెక్క. కంటికి తగిలితే కన్ను పోతుంది, మళ్ళీ రాదు.

మెరీనా బీచ్‌లో బుడగలు కొట్టే దుకాణాలున్నాయి కదా, అక్కడ నిలబడి పది నిమిషాలు చూడండి. ఒక పిల్లాడు గురి పెట్టి ఉండగానే దుకాణం కుర్రాడు ముందుకెళ్ళి పగిలిన చోట కొత్త బుడగ కడతాడు. పక్కన తండ్రి సెల్ఫీ కోసం గన్ను భుజాన వేసుకుని వెనక్కి తిరుగుతాడు, గొట్టం వెనకున్నవాళ్ళ మొహాల మీదుగా పోతుంది. రేంజ్‌లో అయితే అన్ని గన్నులూ ఖాళీ చేసి, తాళ్ళు దూర్చి, బల్ల మీద పెట్టేదాకా ఒక్క మనిషి గీత దాటడు. నేను ఒక దుకాణంలో ఈ మాట చెప్పి చూశాను. "ఎన్నేళ్ళుగా నడుపుతున్నాం, ఏమీ కాలేదమ్మా" అన్నాడాయన. కష్టపడి బతికే మనిషి, ఆయన్ని తప్పు పట్టను. కానీ మన పిల్లలు మొట్టమొదట తుపాకీ పట్టేది అక్కడే. అక్కడ పడ్డ అలవాటే చేతికి ఉండిపోతుంది. ఒక చాక్‌పీసు గీత గీసి, కుర్రాడు ముందుకెళ్ళినప్పుడు గన్నులన్నీ కింద పెట్టిస్తే చాలు. దానికి ఖర్చేముంది?

ఏటీఎంలో డబ్బు నింపే వ్యాను గార్డుల గురించి కూడా రాయాలి. మా వీధిలో డబుల్ బ్యారెల్ గన్ను చంకలో అడ్డంగా పెట్టుకుని నిలబడతాడు ఒకాయన. స్కూలు పిల్లలు పక్కనుంచే పోతుంటారు, గొట్టం వాళ్ళ తల ఎత్తులో ఉంటుంది. ఎండలో గంటలు గంటలు నిలబెట్టే కంపెనీలు ఆ మనిషికి ఏడాదికి ఒక్కసారైనా రేంజ్‌లో శిక్షణ ఇప్పించాలి. పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చేవాళ్ళ కోసం 2019లో చట్టం మార్చారు, మనుషులకి ప్రమాదం వచ్చేలా నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం ఉంది, మంచిదే. చేతికి అలవాటు నేర్పేవాళ్ళు కావాలి.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. పిస్టల్ పెట్టె బీరువా పై అరలో ఉంటుంది, తాళం చెవి నా దగ్గరే. పెల్లెట్ డబ్బా వేరే గదిలో. డ్రై ప్రాక్టీసు హాల్లో మానేశాను, పడగ్గదిలో బయటి గోడ వైపు తిరిగి చేస్తాను, ఆ గోడ అవతల మనుషులుండరు. మొదలుపెట్టే ముందు తాడు దూర్చి మా అబ్బాయికి చూపిస్తాను, వాడు ఇంట్లో లేకపోతే అత్తయ్యకి. ఆవిడకి పిస్టల్ గురించి ఏమీ తెలియదు. కళ్ళజోడు పెట్టుకుని ముందు నుంచి కాకుండా పక్క నుంచి చూసి, "ఆ, రెండు పక్కలా కనబడుతోంది తాడు, చేసుకో" అంటారు.